బేరం అడిగితే ఇల్లు చేజారిపోతుందా?

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్తాను.

ఆమెకు 31 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్లలోనే ఉంటున్నారు. ఏడాదిన్నర వెతికాక, కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంట్లో నాలుగో అంతస్తు ఫ్లాట్ ఇద్దరికీ నచ్చింది. అసలు మొత్తాలు రాయడం ఇష్టంలేక, బిల్డర్ చెప్పిన ధరను 100 అనుకోమని లెక్కలన్నీ ఆ కొలతలోనే రాశారు. నేనూ అదే పాటిస్తాను. ఆ 100 మీద కారు పార్కింగ్‌కి 4, నిర్వహణ అడ్వాన్సు, కరెంటు, నీటి కనెక్షన్లు, కాగితాల ఖర్చు కలిపి ఇంకో 3 అడుగుతున్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చుకు వేరే తీసిపెట్టుకున్నాక దంపతుల చేతిలో 22 ఉంది. బ్యాంకు 85 దాకా లోన్ ఇస్తానంది.

మొదటిరోజే జరిగిన ఒక విషయం ఆమెను బాగా బాధపెడుతోంది. "మా జీతాలెంతో, లోన్ ఎంత వస్తుందో, మా అద్దె అగ్రిమెంట్ రెండు నెలల్లో అయిపోతుందని సేల్స్ అబ్బాయికి అన్నీ చెప్పేశాను. బాల్కనీలో నిలబడి ఇదే మన ఇల్లు అని మా వారితో గట్టిగానే అన్నాను. అతను పక్కనే ఉన్నాడు" అని రాశారు. ఆ తర్వాత అతను ధర ఫిక్స్‌డ్ అన్నాడు. వేరే పార్టీ కూడా చూసి వెళ్లిందని, ఆదివారం లోపు 2 అడ్వాన్సు కట్టకపోతే ఫ్లాట్ ఉంటుందన్న గ్యారంటీ లేదని, కట్టాక మనసు మార్చుకుంటే ఆ డబ్బు వెనక్కి రాదని చెప్పాడు.

ఇంతలో ఆఫీసులో ఒకావిడ, అదే బ్లాకులో రెండో అంతస్తులో ఇంతే ఫ్లాట్ 8 నెలల క్రితం పార్కింగ్‌తో కలిపి 94కి కొన్నానని చెప్పారు. భర్తేమో "ఐదారు కోసం చూసుకుంటే ఇల్లే పోతుంది, కట్టేద్దాం" అంటున్నారు. జీవితమంతా వ్యాపారం చేసిన తండ్రి "80 అని చెప్పి లేచి వచ్చేయండి, వాళ్లే వెనకాల పడతారు" అంటున్నారు. "చిన్న వస్తువు కొనేటప్పుడు కూడా నాకు బేరం ఆడటం రాదు. అడిగితే మర్యాద పోతుందేమో, అడక్కపోతే మోసపోతానేమో. నాలుగు రోజులుగా నిద్ర లేదు" అని ముగించారు.

అమ్మా, ముందు ఆదివారం సంగతి చూద్దాం. మీ టెన్షన్‌లో సగం అక్కడే ఉంది.

మీ ఉత్తరం మధ్యలో ఒక మాట రాసి వదిలేశారు. సాయంత్రం వెళ్తే చాలా కిటికీల్లో దీపాలు లేవని, అంత ప్రశాంతంగా ఉండటం మీకు నచ్చిందని. మీకు ప్రశాంతతగా కనిపించినదే ఆ బిల్డర్‌కు నిద్రపట్టనివ్వని విషయం. కట్టడం పూర్తయ్యాక అమ్ముడుపోని ఫ్లాటు ఊరికే ఉండదు. దాని మీద తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తుంది. కాపలా, లిఫ్టు, శుభ్రత, నీళ్ల ఖర్చులో ఖాళీ ఫ్లాట్ల వాటా కూడా చాలాచోట్ల బిల్డరే భరించాలి. 100కి అమ్మాలనుకున్న ఫ్లాట్‌లో అతని డబ్బు 80 ఇరుక్కుందనుకుందాం. ఏడాదికి 9 శాతం వడ్డీ వేసుకున్నా 8 నెలలకు 4.8 కరిగిపోతుంది. మీ ఆఫీసు ఆవిడ కొన్న రోజు నుంచి ఇప్పటికి సరిగ్గా 8 నెలలు.

కాబట్టి ఇంకో సాయంత్రం వెళ్లి బ్లాకు చుట్టూ నడవండి. ఎన్ని ఇళ్లలో దీపాలున్నాయో, ఎన్ని బాల్కనీల్లో బట్టలు ఆరేశారో లెక్కపెట్టండి. కొని అద్దెకివ్వకుండా ఉంచినవాళ్లు, ఇంకా చేరనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి అదే పక్కా లెక్క అనుకోవద్దు. కాపలా మనిషిని, అక్కడ ఉంటున్న ఒకరిద్దరిని అడిగితే లెక్క తేలుతుంది. ఒకటో రెండో మిగిలాయంటే తొందర నిజమే. పది మిగిలాయంటే ఆ ఆదివారానికి పెద్ద విలువ లేదు. వేరే పార్టీ నిజంగానే ఉండొచ్చు. ఉంటే ఈ ఫ్లాట్ పోతుంది, మీకు బాధగానే ఉంటుంది. అయినా అదే బ్లాకులో ఇంకొన్ని మిగిలి ఉంటాయి.

ఇప్పుడు మీరు అన్నీ చెప్పేసిన విషయం. ఇది మీరనుకున్నంత పెద్ద తప్పేమీ కాదు. అతనికి తెలిసింది మీరు ఎంత కట్టగలరన్నది. ఎంత కడతారన్నది అతనికి తెలీదు. మీకూ ఇంకా తెలీదు, ఎందుకంటే దంపతులిద్దరూ కూర్చుని ఆ అంకె రాసుకోలేదు. బ్యాంకు ఇస్తానన్న మొత్తం బ్యాంకు భరించగల రిస్కును బట్టి వచ్చింది. మీ ఇంటి ఖర్చులు, మీ రేపటి అవసరాలు ఆ లెక్కలో పూర్తిగా ఉండవు. "లోన్ వస్తుందని చెప్పాం గానీ అంతా తీసుకునే ఉద్దేశం లేదు. ఇంట్లో లెక్క వేసుకున్నాక మా పరిమితి వేరేగా తేలింది" అని మామూలుగా చెప్పొచ్చు. అందులో అబద్ధం లేదు. లెక్క వేశాక మాట మారడం సహజం.

ఒక విషయం మాత్రం గమనించండి. 100, దాని మీద 7, మొత్తం 107. మీ చేతిలోని 22కి లోన్ 85 కలిపితే సరిగ్గా 107. యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ ధరకు ఒప్పుకుంటే కొత్త ఇంట్లో అడుగుపెట్టే రోజు మీ చేతిలో సున్నా ఉంటుంది. కొత్త ఇల్లంటే అల్మారాలు, ఫ్యాన్లు, కర్టెన్లు, వంటింటి సామాను, ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువే అవుతాయి. ఒక నెల ఎవరి జీతమైనా ఆగితే? ఏడాదికి 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు 85 తీసుకుంటే, ఆరు నెలల ఈఎంఐలే దాదాపు 4.3 అవుతాయి. కనీసం అంత డబ్బు ముట్టుకోకుండా పక్కన ఉంచాలని నా అభిప్రాయం. అంటే మీ చేతి డబ్బులో సుమారు 18 మాత్రమే ఇంటికి పెట్టి, లోన్ కూడా అంచుదాకా కాకుండా 82 తీసుకుంటే, మీ పైపరిమితి అన్నీ కలిపి 100. ఇది నేను వేసిన లెక్క. మీ ఇంటి ఖర్చులు నాకు తెలీవు కాబట్టి మీరిద్దరూ కూర్చుని మళ్లీ వేసుకోండి. మీకు వచ్చే అంకె నాదాని కంటే తక్కువైనా, ఎక్కువైనా, సేల్స్ ఆఫీసుకు వెళ్లకముందే కాగితం మీద ఉండాలి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఎదుటివాళ్లు చెప్పిన మొదటి అంకె మన బుర్రను పట్టేసుకుంటుంది. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని టూసాన్ అనే ఊళ్లో ఒక ఇల్లు చూపించి, దాని విలువ అంచనా వేయమని విద్యార్థులనూ, ఇళ్ల అమ్మకాల్లో అనుభవమున్న ఏజెంట్లనూ అడిగారు. ఇల్లు ఒకటే, వివరాలు ఒకటే. చెప్పిన అమ్మకపు ధర మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఇచ్చారు. ఎక్కువ ధర చూసినవాళ్లు ఎక్కువగా, తక్కువ చూసినవాళ్లు తక్కువగా అంచనా వేశారు. రోజూ ఇళ్లు అమ్మే ఏజెంట్లకు కూడా అదే జరిగింది. పైగా ఆ ధర తమ మీద ప్రభావం చూపిందని వాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. అనుభవమున్నవాళ్లకే అలా ఉంటే, మొదటిసారి కొంటున్న మీకు 98 అంటే చాలా తగ్గినట్టు అనిపించడంలో వింత లేదు. 98 చవకో కాదో 100ని బట్టి చెప్పలేం. ఇంకెక్కడి నుంచైనా కొలత తెచ్చుకోవాలి.

మీ దగ్గర ఇప్పటికే ఒక మంచి కొలత ఉంది. కానీ దాన్ని మీరు తప్పుగా చదువుతున్నారు. 100కీ 94కీ తేడా 6 అనుకుంటున్నారు. ఆవిడ 94లో పార్కింగ్ ఉంది. మీకు పార్కింగ్‌తో 104. అంటే తేడా 10. మిగతా ఖర్చులు 3 ఆవిడకూ పడ్డాయనుకుంటే ఆవిడకు మొత్తం 97 అయింది, మీకు 107 అవుతుంది. మీ వారు "ఐదారు" అంటున్నది నిజానికి పది. ఆ పదీ లోన్‌లో తగ్గితే ఎంతో తెలుసా? 8 శాతం వడ్డీకి 20 ఏళ్లలో ప్రతి 100 లోన్‌కు మొత్తం సుమారు 200 తిరిగి కడతాం. కాబట్టి ఈ రోజు తగ్గించుకున్న 10, ఇరవై ఏళ్లలో మీ జీతాల్లోంచి పోకుండా ఆగే 20. ఈ లెక్క మీ వారికి ప్రశాంతంగా ఉన్నప్పుడు చూపించండి. ఆయన భయాన్ని మాత్రం తేలిగ్గా తీసేయకండి. ఏడాదిన్నర తిరిగి అలసిపోయిన మనిషికి ఇల్లు పోతుందన్న భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆవిడ ధరను వాడుకునే ముందు ఆవిడను అడగండి. పేరు చెప్పకపోయినా, 8 నెలల కింద రెండో అంతస్తు అంటే వాళ్లకు ఎవరో అర్థమవుతుంది. ఆవిడకు అభ్యంతరముంటే "ఈ బ్లాకులో ఇంతకుముందు ఇచ్చిన ధరలు మాకు తెలుసు" అని ఆపేయండి. అంతస్తు తేడా ఉందని, ఈ 8 నెలల్లో రేట్లు పెరిగాయని వాళ్లంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉండొచ్చు. పెరిగాయో లేదో చుట్టుపక్కల ఇంకో ఇద్దరు బిల్డర్ల దగ్గర, అదే అపార్ట్‌మెంట్లో కొని మళ్లీ అమ్ముతున్నవాళ్ల దగ్గర తెలుసుకోండి. మొదటి కొనుగోలుదారులు అమ్మకానికి పెట్టిన ధరకంటే బిల్డర్ ధర ఎక్కువగా ఉంటే, మీ దగ్గర ఉన్న అన్ని మాటల్లోకీ అదే బలమైనది.

పోల్చేటప్పుడు ప్రకటనలో రాసిన విస్తీర్ణం చూడకండి. గోడల లోపల నడవగలిగే చోటు, అదే కార్పెట్ ఏరియా, ఎంతో అడగండి. 1500 అడుగులని చెప్పే ఫ్లాట్‌లో వాడుకునే చోటు 1050 ఉండొచ్చు. 1400 అని చెప్పే ఇంకో ఫ్లాట్‌లో 1064 ఉండొచ్చు. మెట్లు, లిఫ్టు, నడవా వాటా ఎంత కలిపారన్న దాన్ని బట్టి అలా వస్తుంది. చిన్నదని మీరు వదిలేసిన ఇల్లే లోపల పెద్దది కావొచ్చు.

ఇక ఆ "ఫిక్స్‌డ్ ప్రైస్". చాలామంది ఈ మాట దగ్గరే ఆగిపోతారు. బిల్డర్ ధర ఎందుకు తగ్గించడో తెలిస్తే ఎక్కడ తగ్గిస్తాడో కూడా తెలుస్తుంది. మీకు 94కి ఇస్తే ఆ అంకె కాగితాల్లోకి ఎక్కుతుంది. మిగిలిన ఫ్లాట్లు కొనడానికి వచ్చేవాళ్లు అదే అడుగుతారు. ఎక్కువ పెట్టి కొన్న పాతవాళ్లు వచ్చి గొడవపడతారు. బ్యాంకులు విలువ కట్టేటప్పుడు కూడా దగ్గర్లో జరిగిన అమ్మకాలనే చూస్తాయి. అందుకని పైకి కనిపించే ధరను కాపాడుకుంటూ, కనిపించని చోట ఇవ్వడానికి వాళ్లకు ఇష్టం. పార్కింగ్, నిర్వహణ అడ్వాన్సు, కాగితాల ఖర్చు, అల్మారాలు, మంచి రకం టైల్స్. మీకు 4 ఖర్చయ్యే వంటింటి పని, టోకున చేయించే వాళ్లకు అంతకంటే తక్కువలోనే అయిపోతుంది.

కాబట్టి ధర తగ్గించమని అడగడం ఒక దారి, కలిపి ఇమ్మనడం ఇంకో దారి. ధర తగ్గితే లోన్ తగ్గుతుంది, వడ్డీ తగ్గుతుంది, చాలాచోట్ల రిజిస్ట్రేషన్ ఖర్చూ కొంత తగ్గుతుంది. కలిపి ఇచ్చేవాటి విలువ మాత్రం మీరే కట్టాలి. మీరు ఎలాగూ డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువైతే దాని పూర్తి విలువ వేసుకోండి. పార్కింగ్ అలాంటిది. అది ఉచితంగా ఇస్తే నిజంగానే 4 తగ్గినట్టు. మీరు ఎప్పుడూ కొననిది, షోరూమ్‌లా మెరిసే ఏదో ఒకటి ఇస్తామంటే దాని విలువ మీ లెక్కలో సున్నా. మొదటి రెండేళ్లు వడ్డీలో 1 శాతం మేం భరిస్తాం అన్నారనుకోండి. వినడానికి బాగుంటుంది. 82 లోన్ మీద ఏడాదికి 0.8, రెండేళ్లకు 1.6. ధరలో 2 తగ్గించిన దానికంటే అది తక్కువ, పైగా మూడో ఏడు ఈఎంఐ పెరుగుతుంది. ఇలాంటి ఆఫర్ ఏది వచ్చినా అక్కడే తలూపకుండా ఇంటికి తెచ్చుకుని అంకెల్లోకి మార్చండి.

ఒక్క ఆఫర్ మాత్రం వద్దే వద్దు. కాగితాల మీద తక్కువ చూపించి మిగతాది చేతికివ్వండి, మీకూ కలిసొస్తుంది అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పన్ను ఎగ్గొట్టిన నేరంలో మీరూ భాగస్తులవుతారు. చేతికిచ్చిన డబ్బుకు రుజువు ఉండదు. రేపేదైనా గొడవ వస్తే కాగితం మీద ఉన్నదే లెక్కకొస్తుంది.

ఇప్పుడు మీ నాన్నగారి 80. ఆయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది. ఎప్పుడైనా లేచి రాగలిగిన మనిషికే బేరంలో బలం ఉంటుందన్నది ఆయన చెప్పే అసలు విషయం, అది అక్షరాలా నిజం. చిక్కల్లా 80 అన్న అంకెకు వెనక ఆధారం లేకపోవడమే. సేల్స్ అబ్బాయికి ధర తగ్గించే అధికారం చాలావరకు ఉండదు. అతను పైవాళ్ల దగ్గరికి వెళ్లి మీ తరఫున మాట్లాడాలి. 80 అంటే ఏం చెప్పి ఒప్పిస్తాడు? వీళ్లు కొనేవాళ్లు కాదని మీ ఫైలు పక్కన పెడతాడు. అదే "మీ బ్లాకులోనే ఇంతకిచ్చారు, చుట్టుపక్కల ఇంత నడుస్తోంది" అంటే అతని చేతికి ఒక కారణం దొరుకుతుంది. మీ నాన్నగారిని పక్కన పెట్టొద్దు. చుట్టుపక్కల అమ్మకాలు ఏ ధరకు జరిగాయో కనుక్కునే పని ఆయనకు అప్పజెప్పండి. మీకంటే బాగా చేస్తారు. మాట్లాడే రోజు మాత్రం ఒక్కరే మాట్లాడాలి. ముగ్గురు మూడు అంకెలు చెప్తే ఎదుటివాళ్లు అందులో పెద్దదాన్నే పట్టుకుంటారు.

ఆ ఒక్కరూ మీరే కావాలని నాకనిపిస్తోంది. బేరం రాదన్నారు కదా, గట్టిగా మాట్లాడాల్సిన పనేం లేదు. నేనైతే ఇలా అంటాను: "ఇల్లు మాకు నచ్చింది, దాచుకోవడానికేం లేదు. ధర మాత్రం మా లెక్కకు అందట్లేదు. ఈ బ్లాకులో ఇంతకుముందు ఇచ్చిన ధర, బయటి ధరలు చూసుకున్నాం. పార్కింగ్, మిగతా ఖర్చులు అన్నీ కలిపి 94 అయితే ఈ వారమే కాగితాలు మొదలుపెట్టగలం." ఇంతే. తర్వాత మాట్లాడకండి. మీలాంటి మొహమాటస్తులకు కష్టమైన క్షణం అదే. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే మనకు ఊపిరాడదు, వెంటనే "పోనీ 97 అయినా సరే" అనేస్తాం. వాళ్లు అడక్కుండానే మూడు ఇచ్చేస్తాం. గ్లాసు నీళ్లు తాగండి, కిటికీలోంచి బయటికి చూడండి, ఏదైనా చేయండి. రెండో మాట వాళ్లదే కావాలి.

94 మొదటి మాట మాత్రమే. 97, 98 దగ్గర తేలితే మీ ఆఫీసు ఆవిడతో సమానంగా కొన్నట్టే, సంతోషంగా ఒప్పుకోవచ్చు. తేడా తగ్గేకొద్దీ మీరు పెంచే అంకె కూడా తగ్గిస్తూ రండి. మొదట 2 పెరిగి, తర్వాత 1, తర్వాత అర పెరిగితే మీరు అంచుకు వచ్చారని వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. ప్రతిసారీ ఏదో ఒకటి బదులు అడగండి. 98 ఇస్తాం, అల్మారాలు చేయించండి అని.

వాళ్లు 107 దగ్గరే ఉండిపోతే? అప్పుడు మీ ముందు మూడు దారులు. ఆ ధరకే కొనడం ఒకటి. పాపమేం కాదు, కానీ అత్యవసరానికి డబ్బు లేకుండా ఇరవై ఏళ్ల అప్పులోకి వెళ్తున్నారని తెలిసి వెళ్లాలి. వేచి చూడటం రెండోది. నెలాఖరుకో, లెక్కలు ముగించే సమయానికో అమ్మకాల టార్గెట్ అందని ఆఫీసుల నుంచి ఫోన్లు వస్తుంటాయి. రావొచ్చు, రాకపోవచ్చు. ఈలోగా ఫ్లాట్ అమ్ముడుపోవచ్చు, వడ్డీ రేట్లు పెరగొచ్చు. దీనికి మీకు సమయం కావాలి కాబట్టి ఈ రోజే ఇంటి ఓనర్‌తో మాట్లాడి అద్దె అగ్రిమెంట్ ఇంకో ఆరు నెలలు పొడిగించుకోవడం కుదురుతుందేమో చూడండి. రెండు నెలల గడువు మెడ మీద ఉంటే మీరు వేచి ఉండలేరు, అది అతనికి మీరే చెప్పారు. ఆ గడువు తీసేస్తే చాలా మారుతుంది. అదే బ్లాకులో బాల్కనీ అంత బాగోని, లోపలి వైపు చూసే ఫ్లాట్ అడగడం మూడోది. బిల్డర్లకు చివరిదాకా మిగిలేవి అవే, బేరానికి లొంగేవీ అవే. మీకు బాల్కనీ అంత ముఖ్యమో కాదో మీరే చెప్పాలి.

ధర కుదిరాక కూడా 2 అడ్వాన్సు అప్పుడే ఇచ్చేయకండి. లోన్ రాకపోయినా, ఆస్తి కాగితాల్లో తేడా ఉన్నా డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తామని రాతలో ఉండాలి. నోటి మాటకు ఆ ఆఫీసులో మనిషి మారితే విలువ ఉండదు. ఒప్పుకున్న మొత్తంలో ఏమేం కలిశాయో ఒక్కొక్కటీ రాయించండి. డబ్బు కంపెనీ ఖాతాలోకే వెళ్లాలి. కాగితాలు వాళ్లు చూపించిన లాయరుతో కాకుండా మీరు ఫీజు కట్టి పెట్టుకున్న లాయరుతో చూపించుకోండి. బ్యాంకు వేసే వాల్యుయేషన్ ఎంతొచ్చిందో కూడా అడిగి తెలుసుకోండి. ఒప్పుకున్న ధరకంటే అది తక్కువ వస్తే లోన్ తగ్గొచ్చు, ఆ తేడా మీ చేతి నుంచే పడుతుంది. అప్పుడు మళ్లీ ధర మాట్లాడటానికి మీకు న్యాయమైన కారణం ఉంటుంది.

కొత్త ఇల్లు కదా, లోపాలేం ఉంటాయని అనుకోవద్దు. పాత ఇంట్లో లోపాలు బయటపడి ఉంటాయి, కొత్త ఇంట్లో ఇంకా బయటపడాలి. సంతకానికి ముందు ఒక ఇంజనీరును తీసుకెళ్లి చూపించండి. బాత్రూమ్ నేల వాలు నీళ్లు పోయే వైపే ఉందా, టైల్ మీద తడితే డొల్ల శబ్దం వస్తోందా, పైకప్పు మూలల్లో తేమ మచ్చలున్నాయా, అన్ని ప్లగ్గుల్లో కరెంటు వస్తోందా. దొరికిన లోపాలన్నీ జాబితా రాసి, చివరి చెల్లింపుకు ముందే సరిచేయాలని ఒప్పందంలో పెట్టించండి. తాళాలు చేతికొచ్చాక మీ ఫోనుకు వాళ్లు పలికే తీరు మారిపోతుంది.

మర్యాద గురించి అడిగారు. నా మొదటి ఇల్లు కొన్నప్పుడు నేనూ నోరు తెరవలేదు. చెప్పిన ధరకు చెక్కు రాసిచ్చి వచ్చాను, ఎంతో హుందాగా ఉన్నాననుకున్నాను. చేరిన నెలకు ఎదురింటావిడ మాటల్లో తెలిసింది, వాళ్లకు అదే ధరకు పార్కింగ్, వంటింటి అల్మారాలు ఇచ్చారని. ఆవిడేం గొడవపడలేదు, పోట్లాడలేదు. "ఇంకేమైనా కలుపుతారా?" అని నవ్వుతూ ఒక్కసారి అడిగిందట. నా ధరలో కూడా ఆ అల్మారాలకు చోటు ఉందని, నేను అడగనందుకు అవి బిల్డర్ దగ్గరే ఉండిపోయాయని అప్పుడర్థమైంది. ఆ అల్మారాలు చేయించుకోవడానికి మాకు ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆ సేల్స్ అబ్బాయిని రోజుకు ఎంతోమంది తగ్గించమని అడుగుతుంటారు. మీరు అడిగారన్నది సాయంత్రానికి అతనికి గుర్తుండదు. మీ ఈఎంఐ మాత్రం ప్రతి నెలా మీకు గుర్తొస్తుంది.

శనివారం పొద్దున్న అతనికి మీరే ఫోన్ చేయండి. "ఆదివారానికి మా లెక్కలు తేలవు. వచ్చే వారం మధ్యలో వస్తాం, అప్పటికి ఫ్లాట్ ఉంటే మాట్లాడదాం" అని చెప్పండి. అతనేమన్నాడో, ఎంతసేపు ఆగి అన్నాడో రాసుకోండి. తర్వాత అద్దె ఇంటి ఓనర్‌కు ఫోన్ చేయండి. ఆ రాత్రి మీరిద్దరూ కూర్చుని అంకె రాసుకోండి.